ఆకస్మిక కడుపునొప్పి.. ఆరు గంటలే కీలకం

* ‘గ్యాస్’ అనుకుని ఇంట్లో ఉంటే ముప్పు
* సూదితో నొప్పి తగ్గినా వ్యాధి తగ్గినట్లు కాదు
* పాముకాటు, గుండెపోటు కూడా కడుపునొప్పిగా రావచ్చు

మహబూబ్‌నగర్: అపెండిసైటిస్‌కు పల్లెల్లో ‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అన్న పేరు ఏనాటి నుంచో వాడుకలో ఉంది. ఒక రోజులోగా ఆపరేషన్ జరగకుంటే పేగు పగిలి ప్రాణం మీదికి వస్తుందన్న భయం నుంచి పుట్టిన పేరది. పేరులోనే గడువు ఉన్నప్పటికీ ఆ గడువు ఎలా కరిగిపోతోందన్నది గమనించదగిన విషయం. రాత్రి భోజనం తర్వాత నొప్పి మొదలైతే తెల్లవారే వరకు వాము, సోడాలతో గడుస్తుంది. ఉదయం ఊళ్లోని ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తారు. నొప్పి సద్దుమణగడంతో ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మధ్యాహ్నానికి నొప్పి తిరగబెడుతుంది. సాయంత్రం మండల కేంద్రానికి, మరునాడు జిల్లా కేంద్రానికి ప్రయాణం. ఆస్పత్రి మెట్లు ఎక్కేసరికి కడుపు చెక్కలా గట్టిపడి, నాడి వేగం పెరిగి, రోగి మాట తడబడే స్థితిలో ఉంటాడు. ముందు రోజు చిన్న శస్త్రచికిత్సతో నయమయ్యే జబ్బు అప్పటికి ఐసీయూ వరకు వెళుతుంది.

కడుపునొప్పులన్నీ ప్రమాదకరం కావు. అజీర్ణం, విరేచనాలు, నెలసరి వంటి కారణాలతో వచ్చే నొప్పులు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. అయితే ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషికి ఉన్నట్టుండి వచ్చి, పని మాన్పించి పడుకోబెట్టే నొప్పి వేరు. వైద్యులు దీనిని ‘అక్యూట్ అబ్డామెన్’ అంటారు. ఇటువంటి నొప్పిని గుర్తించడం, సకాలంలో సరైన చోటికి చేరడం ఎలాగన్నది ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన విషయం.

ఆరు గంటల సూత్రం

బ్రిటన్‌కు చెందిన శస్త్రవైద్యుడు జాకరీ కోప్ 1921లో ఆకస్మిక ఉదర వ్యాధుల నిర్ధారణపై ఒక గ్రంథం వెలువరించారు. నూరేళ్లు దాటినా అది వైద్య విద్యార్థులు చదివే పుస్తకంగానే నిలిచి ఉంది. అంతవరకు ఆరోగ్యంగా ఉన్న వ్యక్తికి వచ్చిన తీవ్రమైన కడుపునొప్పి ఆరు గంటలు దాటినా వదలకపోతే, అది శస్త్రచికిత్స అవసరమయ్యే జబ్బు కావచ్చునని అనుమానించాలన్నది ఆయన చెప్పిన ప్రధాన సూత్రం. అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్ వంటి పరీక్షలు వచ్చిన తర్వాత కూడా ఈ సూత్రానికి విలువ తగ్గలేదు.

ఆరు గంటలు వేచి చూడమని దీని అర్థం కాదు. నొప్పితో పాటు కింది లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే బయలుదేరాలి.

* కడుపు గట్టిపడటం, తాకితే ఓర్వలేకపోవడం, దగ్గినా కదిలినా నొప్పి పెరగడం
* ఆగని వాంతులు, ఆకుపచ్చని లేదా రక్తపు వాంతి, నల్లని తారులాంటి విరేచనం
* కడుపు ఉబ్బి మలం, అపానవాయువు రెండూ ఆగిపోవడం
* కళ్లు తిరిగి పడిపోవడం, చల్లని చెమటలు, ఒళ్లు తెల్లబారడం
* చలిజ్వరం, కళ్లు పచ్చబడటం, మూత్రం బంద్ కావడం
* నెల తప్పిన మహిళకు పొత్తికడుపులో నొప్పి

వృద్ధుల్లో, మధుమేహం ఉన్నవారిలో, స్టెరాయిడ్ మందులు వాడేవారిలో పేగుకు రంధ్రం పడినా కడుపు గట్టిపడకపోవచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. వీరి విషయంలో కొద్దిపాటి నొప్పిని సైతం తేలికగా తీసుకోరాదు.

కుడివైపు కింద.. ఉండుకం

అపెండిక్స్‌నే తెలుగులో ఉండుకం అంటారు. పెద్దపేగు మొదట్లో వేలాడే చిన్న తోక వంటి భాగమిది. దీని దారి మూసుకుపోయి వాచినప్పుడు నొప్పి మొదట బొడ్డు చుట్టూ అస్పష్టంగా ఉంటుంది. ఆకలి మందగిస్తుంది. వికారం, ఒకటి రెండు వాంతులు ఉండవచ్చు. కొన్ని గంటల్లో నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి దిగి ఒకేచోట నిలబడుతుంది. ఇలా చోటు మారడం అపెండిసైటిస్‌కు ముఖ్యమైన గుర్తు. పది నుంచి ముప్పై ఏళ్ల వయసువారిలో ఇది ఎక్కువైనా ఏ వయసులోనైనా రావచ్చు.

వాపు ముదిరి ఉండుకం పగిలినప్పుడు లోపలి ఒత్తిడి తగ్గి, నొప్పి కొంతసేపు శాంతించినట్లు అనిపిస్తుంది. జబ్బు తగ్గిందని ఇంట్లోవారు భ్రమపడేది ఇక్కడే. ఆ తర్వాత చీము కడుపంతా పాకి, పెరిటోనియం అనే లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్ సోకుతుంది. దీనికి సాధారణ చికిత్స శస్త్రచికిత్సే. 1980లో జర్మనీ వైద్యుడు కుర్ట్ సెమ్ తొలిసారి లాప్రోస్కోపీ ద్వారా ఉండుకాన్ని తొలగించిన తర్వాత చిన్న రంధ్రాలతోనే ఈ ఆపరేషన్ చేసే విధానం విస్తరించింది. పగలని అపెండిసైటిస్‌కు కొందరిలో యాంటీబయాటిక్స్‌తోనూ చికిత్స చేస్తున్నారు. అమెరికాలో 1552 మందిపై జరిగి 2020లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో, మందులతో చికిత్స పొందిన ప్రతి పది మందిలో దాదాపు ముగ్గురికి 90 రోజుల్లోగా ఆపరేషన్ అవసరమైంది. అందువల్ల మందులా, ఆపరేషనా అన్నది స్కాన్ చూసి ఆస్పత్రిలో తేల్చవలసిన విషయం. ఇంటి దగ్గర యాంటీబయాటిక్ బిళ్లలు మింగడం ఈ చికిత్స కాదు.

కత్తితో పొడిచినట్లు.. పేగుకు రంధ్రం

పై కడుపులో కత్తితో పొడిచినట్లు క్షణంలో మొదలై, నిమిషాల్లో కడుపంతా వ్యాపించే నొప్పి జీర్ణాశయానికో, చిన్నపేగు మొదటి భాగానికో పుండు పడి రంధ్రమైందనడానికి సూచన. రోగి కదలకుండా ఊపిరి బిగపట్టి పడుకుంటాడు. పుండ్లకు రెండు ప్రధాన కారణాలున్నాయి. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. దీనిని కనుగొన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. రెండోది నొప్పి మాత్రల వాడకం. కీళ్ల నొప్పులకు, ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొని రోజూ మింగే డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు జీర్ణాశయం లోపలి పొరను దెబ్బతీస్తాయి. పొగతాగడం ఈ ముప్పును మరింత పెంచుతుంది.

ఈ జబ్బులోనూ మోసపుచ్చే విరామం ఉంది. రంధ్రం పడిన కొన్ని గంటలకు నొప్పి తీవ్రత తగ్గి, రోగి తేరుకున్నట్లు కనిపించవచ్చు. లోపల మాత్రం ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో విభాజక పటలం కింద గాలి కనిపిస్తే రంధ్రం పడినట్లే. వెంటనే ఆపరేషన్ చేసి, కడుపును కడిగి, రంధ్రాన్ని మూసివేస్తారు. టైఫాయిడ్‌ను పూర్తిగా నయం చేయించుకోనివారిలో మూడో వారం ప్రాంతంలో చిన్నపేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది. జ్వరం మధ్యలో హఠాత్తుగా కడుపునొప్పి వస్తే ఈ అనుమానం రావాలి.

పిత్తాశయం, క్లోమం, కాలేయం

కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం చేసిన తర్వాత కుడివైపు పక్కటెముకల కింద పట్టేసి, కుడి భుజం వైపు పాకే నొప్పికి పిత్తాశయంలోని రాళ్లు కారణం కావచ్చు. కొన్ని గంటల్లో తగ్గితే రాయి తాత్కాలికంగా అడ్డుపడినట్లు. తగ్గకుండా జ్వరం తోడైతే పిత్తాశయం వాచినట్లు. కళ్లు పచ్చబడి చలిజ్వరం వస్తే రాయి పైత్యనాళంలో చిక్కుకుని ఉండవచ్చు. ఇది అత్యవసర పరిస్థితి.

పై కడుపులో మొదలై వీపులోకి దూసుకుపోతూ, ముందుకు వంగి కూర్చుంటే కాస్త ఊరటనిచ్చే నొప్పి క్లోమానిది. పిత్తాశయపు రాళ్లు, మద్యం ఈ ప్యాంక్రియాటైటిస్‌కు రెండు పెద్ద కారణాలు. రక్తంలో లైపేజ్ లేదా అమైలేజ్ మామూలు గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు లేదా అంతకుమించి పెరగడం దీనికి ముఖ్యమైన గుర్తు. ఐదుగురిలో సుమారు నలుగురికి సెలైన్లు, నొప్పి నివారణ మందులు, తగిన ఆహారంతో నయమవుతుంది. మిగిలినవారికి మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉన్నందున ఐసీయూ చికిత్స అవసరమవుతుంది. మద్యం వల్ల వచ్చినవారు తిరిగి తాగితే జబ్బు తిరిగి వస్తుంది.

కుడి పక్కటెముకల కింద కొద్ది రోజులుగా జ్వరంతో కూడిన నొప్పి ఉంటే కాలేయంలో చీముగడ్డ ఉందేమో చూడాలి. కల్లు సేవించేవారిలో అమీబా వల్ల ఏర్పడే చీముగడ్డలు ఎక్కువగా కనిపిస్తాయని దేశంలో జరిగిన అధ్యయనాలు తెలిపాయి. కల్లు సేవనం విస్తృతంగా ఉన్న పాలమూరు ప్రాంతంలో ఇది గుర్తుంచుకోవలసిన అంశం. అల్ట్రాసౌండ్‌తో సులభంగా తెలిసిపోతుంది. మెట్రోనిడజోల్ వంటి మందులతో చాలామందికి నయమవుతుంది. గడ్డ పెద్దదైతే సూదితోనో, గొట్టంతోనో చీము తీస్తారు. పట్టించుకోకపోతే గడ్డ పగిలి ప్రాణాపాయం కలుగుతుంది.

నడుము నుంచి గజ్జలోకి.. మూత్రపిండాల రాళ్లు

నడుము పక్కన మొదలై గజ్జలోకి దిగుతూ, అలలు అలలుగా వచ్చే నొప్పి మూత్రనాళంలో రాయిది. పేగు రంధ్రం పడిన రోగి కదలడానికి భయపడితే, రాయి నొప్పితో ఉన్న రోగి ఒక్కచోట నిలవలేక దొర్లుతాడు. మండుటెండలో నీరు తక్కువగా తాగి పనిచేసేవారికి ఈ బాధ ఎక్కువ. ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు మూత్రంలో వాటంతట అవే పోతాయి. నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, ఉన్న ఒకే కిడ్నీలో రాయి అడ్డుపడినా ఆలస్యం చేయరాదు. అడ్డుపడిన కిడ్నీలో చీము చేరితే కొద్ది గంటల్లోనే సెప్సిస్‌కు దారితీస్తుంది.

పేగు మూసుకుపోతే..

నొప్పి వచ్చి పోతూ, కడుపు ఉబ్బి, వాంతులవుతూ, మలం గాని గాలి గాని బయటకు పోకపోతే పేగుకు అడ్డు ఏర్పడినట్లు. గతంలో జరిగిన ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కోవడం, పేగు మెలిపడటం, పేగు క్షయ, గడ్డలు ఇందుకు కారణాలు. మరో కారణం గిలక, అంటే హెర్నియా. బరువులెత్తే హమాలీలు, భవన నిర్మాణ కూలీలు ఏళ్ల తరబడి గిలకను లోపలికి నెట్టుకుంటూ పనిచేస్తుంటారు. ఒకనాడు అది లోపలికి పోకుండా గట్టిపడి నొప్పి పెడితే అందులోని పేగుకు రక్తం అందడం లేదని అర్థం. బలవంతంగా నెట్టడం ప్రమాదకరం. గంటల్లోనే ఆపరేషన్ జరగాలి. ఆలస్యమైతే పేగు కుళ్లి కొంత భాగం కోసివేయవలసి వస్తుంది.

గుండె లయ తప్పిన వృద్ధుల్లో రక్తపు గడ్డ పేగు రక్తనాళానికి అడ్డుపడటం మరో ముప్పు. కడుపు మెత్తగానే ఉంటుంది గాని నొప్పి మాత్రం భరించలేనంతగా ఉంటుంది. పైకి ఏమీ లేదని ఇంటికి పంపితే ప్రాణం పోయే జబ్బిది.

మహిళల విషయంలో మరింత జాగ్రత్త

సంతానయోగ్య వయసులో ఉన్న మహిళకు పొత్తికడుపులో ఆకస్మిక నొప్పి వస్తే తొలి పరీక్ష గర్భ నిర్ధారణే. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాక ఫెలోపియన్ ట్యూబులో నిలుస్తాయి. ట్యూబు పగిలితే కడుపులోనే రక్తస్రావమవుతుంది. బయటకు కొద్దిపాటి మచ్చలు మాత్రమే కనిపించవచ్చు. భుజం పైభాగంలో నొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరగడం లోపలి రక్తస్రావానికి గుర్తులు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నామన్న ధైర్యం కూడదు. అరుదుగా ఆ తర్వాత నిలిచే గర్భాల్లో ట్యూబులో నిలిచేవి ఎక్కువ. ముందుగా గుర్తిస్తే కొందరికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో సరిపోతుంది. పగిలితే వెంటనే రక్తం ఎక్కించి ఆపరేషన్ చేయాలి. నెల తప్పిన విషయం సిగ్గుతో దాచడం ప్రాణాంతకమవుతుంది. అండాశయం మెలిపడటం, అండాశయపు తిత్తి పగలడం కూడా ఇలాంటి నొప్పినే కలిగిస్తాయి.

కడుపులో లేని జబ్బులు

నొప్పి కడుపులో ఉన్నా జబ్బు మరోచోట ఉండే సందర్భాలు అనేకం. వీటిలో కొన్ని పల్లె జీవితంతో ముడిపడినవే.

కట్లపాము కాటు: రాత్రివేళ నేలపై పడుకున్నవారిని కట్లపాము కాటు వేస్తే చాలాసార్లు నొప్పి, వాపు ఉండవు. గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున విపరీతమైన కడుపునొప్పి, వాంతులతో లేస్తారు. తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, చివరకు ఊపిరి అందకపోవడం జరుగుతాయి. వానాకాలంలో నేలపై పడుకుని లేచినవారికి ఇలాంటి నొప్పి వస్తే కనురెప్పలను గమనించాలి. విషం విరుగుడు ఇంజెక్షన్‌తో పాటు అవసరమైతే వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రికి తరలించాలి. మంత్రాలతో, పసరు మందులతో కాలయాపన కూడదు.

గుండెపోటు: గుండె కింది భాగానికి రక్తం ఆగితే పై కడుపులో మంట, వికారం, చెమటలు వస్తాయి. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు దీనిని ‘గ్యాస్’గా భావించరాదు. పై కడుపు నొప్పితో వచ్చిన ఇలాంటివారికి ముందుగా ఈసీజీ తీయించాలి.

పురుగుమందు: పిచికారీ తర్వాత కడుపులో మెలిపెట్టడం, చొంగ కారడం, చెమటలు, కంటిపాపలు చిన్నవి కావడం కనిపిస్తే మందు శరీరంలో చేరినట్లు. తడిసిన బట్టలు విప్పి, సబ్బు నీటితో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మధుమేహం: ఇన్సులిన్ మానేసినవారికి రక్తంలో ఆమ్లాలు పెరిగి కడుపునొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు.

వృషణం మెలిపడటం: యువకులు పొత్తికడుపు నొప్పి అని మాత్రమే చెప్పి అసలు బాధను దాచుకుంటారు. ఆరు గంటల్లోగా సరిచేస్తే వృషణం దక్కే అవకాశం ఎక్కువ. ఆలస్యమయ్యే కొద్దీ ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

సూది తప్పా.. ఇంటికి పంపడం తప్పా?

నొప్పి సూది వేస్తే జబ్బు కప్పబడిపోతుందని, వైద్యుడు చూసే వరకు రోగి నొప్పిని భరించాల్సిందేనని ఒకప్పుడు శస్త్రవైద్యులు భావించేవారు. తర్వాత జరిగిన అధ్యయనాల్లో ఈ అభిప్రాయం నిలవలేదు. ఆస్పత్రిలో పరీక్షించి నొప్పి తగ్గించడం వల్ల రోగ నిర్ధారణకు హాని లేదని తేలింది. కాబట్టి ఆస్పత్రిలో నొప్పికి మందు అడగడం రోగి హక్కే.

ప్రమాదమల్లా ఊళ్లో సూది వేయించుకుని ఇంటికి వెళ్లి పడుకోవడంలో ఉంది. సూది నొప్పిని ఆపుతుంది గాని పేగు రంధ్రాన్ని పూడ్చదు, ట్యూబులో రక్తస్రావాన్ని ఆపదు. పైగా డైక్లోఫెనాక్ వంటి సూదులు పుండును, రక్తస్రావాన్ని పెంచవచ్చు. ఉండుకం పగిలినప్పుడు, పేగుకు రంధ్రం పడినప్పుడు వచ్చే సహజ విరామానికి సూది ప్రభావం తోడైతే మరో పూట వృథా అవుతుంది. ఊళ్లో ప్రథమ చికిత్స చేసేవారు సూది వేసిన సమయం, మందు పేరు చీటీపై రాసి రోగిని వెంటనే ఆస్పత్రికి పంపితే ఆ సాయం నిజమైన సాయమవుతుంది.

ఆస్పత్రిలో ఏం చేస్తారు?

మొదట నాడి, రక్తపోటు, శ్వాస, ఉష్ణోగ్రత చూస్తారు. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా సెలైన్ ఎక్కిస్తారు. నొప్పికి, వాంతులకు మందులిస్తారు. రక్త, మూత్ర పరీక్షలు, మహిళలకు గర్భ పరీక్ష, అవసరమైనవారికి ఈసీజీ చేస్తారు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్‌తో చాలా జబ్బులు తెలుస్తాయి. తేలనప్పుడు సీటీ స్కాన్ చేస్తారు. కారణం వెంటనే తెలియకపోతే రోగిని పరిశీలనలో ఉంచి కొన్ని గంటలకోసారి కడుపును తిరిగి పరీక్షిస్తారు. ఇది నిర్లక్ష్యం కాదు, చికిత్సలో భాగమే. ఏమీ చేయడం లేదని రోగిని మధ్యలో ఇంటికి తీసుకుపోవడం ప్రమాదకరం.

ఎక్కడికి.. ఎలా?

ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్స్ సేవ ఇందుకు తొలి ఆధారం. పాలమూరు నుంచి పనులకు వలస వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన విషయం, మహారాష్ట్ర, కర్ణాటకల్లోనూ అదే నంబరు పనిచేస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దగ్గరలో ఉంటే అక్కడ సెలైన్ పెట్టించుకుని వెళ్లడం మేలు. అయితే ఆపరేషన్ థియేటర్, మత్తు వైద్యుడు, రక్తం ఉన్న ఆస్పత్రికి చేరడమే అసలు లక్ష్యం. మహబూబ్‌నగర్‌లో 2016లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభం కావడంతో ఒకప్పుడు హైదరాబాద్ దారి పట్టవలసిన రోగులకు దూరం తగ్గింది.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో పథకం పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. ఏ చికిత్స పథకం కింద వస్తుందో ఆస్పత్రిలోని సహాయ కేంద్రంలో అడిగి తెలుసుకోవచ్చు. కార్డు దొరకలేదని, డబ్బు సమకూరలేదని ప్రయాణం ఆపరాదు. ముందు రోగిని చేర్చి, కార్డును వెనుక తెప్పించుకోవచ్చు.

చేయవలసినవి

* నొప్పి మొదలైన సమయం, మొదట ఎక్కడ వచ్చిందీ గుర్తుంచుకోవాలి
* వాడుతున్న మందులు, పాత ఆపరేషన్ల కాగితాలు వెంట తీసుకెళ్లాలి
* రోగికి హాయిగా ఉన్న భంగిమలో పడుకోబెట్టాలి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి
* రక్తం ఇవ్వగల ఇద్దరు బంధువులు తోడుగా వెళ్లాలి

చేయకూడనివి

* ఆముదం, విరేచనాల మందు, ఎనిమా ఇవ్వరాదు. పేగు పగిలే ప్రమాదం ఉంది
* అన్నం, పాలు, సోడా పెట్టరాదు. మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండటం మేలు
* బొడ్డు జరిగిందని కడుపు తోమించడం, వాతలు పెట్టించడం చేయరాదు
* మద్యం పట్టించి నిద్రపుచ్చే ప్రయత్నం చేయరాదు
* నొప్పి తగ్గిందని ప్రయాణం మానుకోరాదు

‘ఇరవై నాలుగు గంటల నొప్పి’ అన్న పేరు పెద్దలు పెట్టిన హెచ్చరిక. అది వేచి చూడటానికి ఇచ్చిన గడువు కాదు. ఆ గంటల్లో మొదటి ఆరింటిని ఇంట్లో గాక ఆస్పత్రి దారిలో గడిపితే చాలామంది ప్రాణాలు నిలుస్తాయి.